ఖంగున మోగే గోడ

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర ఒక రాళ్లగుట్ట. ఆ గుట్ట మీద కుందేళ్లు ఇళ్లు కట్టుకుని ఉండేవి. కుందేళ్లు ఇళ్లు కడతాయా అని అడక్కండి పిల్లలూ, కథలో కడతాయి. గోడలు కట్టేది మగ కుందేళ్లు. ఆ గోడల మధ్య రోజంతా బతికేది ఆడ కుందేళ్లు. ఇది మాత్రం కథ కాదు.

ఆ గుట్ట మీద దుబ్బయ్య అనే కుందేలు ఉండేవాడు. అతని భార్య పేరు నల్లంచు. ఆమె చెవుల చుట్టూ చీర అంచులాగా నల్లటి గీత ఉండేది, అందుకని ఆ పేరు. వాళ్లతోపాటు దుబ్బయ్య తల్లి గరికమ్మ కూడా ఉండేది. ముగ్గురికీ బండ కింద ఒకటే గది. ఒకరు పక్కకి ఒత్తిగిలితే మిగిలిన ఇద్దరూ ఒత్తిగిలాల్సిందే.

ఆ ఏడు కార్తీకంలో నల్లంచు కడుపుతో ఉంది. పిల్లలు పుష్యమాసంలో పుడతారు. పుష్యమాసమంటే ఆ గుట్ట మీద చలికి పెద్ద కుందేళ్లే వణికిపోయే రోజులు. పసిపిల్లల సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ఇంటికి ఇంకో గది కలపాలనుకున్నారు. మూడు వైపులా బండే ఉంది. ఖాళీ ఉన్నది ఉత్తరం వైపు. చలిగాలి వచ్చేదీ అటు నుంచే.

దుబ్బయ్య చెడ్డవాడు కాదు. కష్టపడతాడు. గది నేనే కడతాను, ఎవరి సాయమూ అక్కర్లేదు అన్నాడు. అన్నట్టే పునాది తవ్వాడు. ఇక గోడ దేనితో కట్టాలన్నదే మిగిలింది. ఈ కథంతా ఆ ప్రశ్న దగ్గరే ఉంది.

ఆ గుట్ట మీది కుందేళ్లకు ఒక ఆచారం ఉండేది. ఎవరింట్లోనైనా కొత్త గోడ లేస్తే మగపెద్దలంతా కలిసి వస్తారు. గోడ బయట వరసగా నిలబడతారు. వెనక్కి తిరిగి, వెనకకాలితో గోడను ఒక్క తన్ను తన్ని, చెవులు రిక్కించి వింటారు. ఖంగున మోగితే ఆ ఇంటి మగవాడు మొనగాడు. దబ్బుమంటే ఆ గోడ డొల్ల, కట్టినవాడూ డొల్లే. అంతటితో ఆగరు. ఆ తర్వాత ఆ ఇంటికి పెళ్లికి వచ్చినా, పురుటికి వచ్చినా, చావుకి వచ్చినా ముందు ఒక తన్ను తన్ని గానీ కూర్చోరు. ఇన్ని తన్నులు తన్నినవాళ్లలో గోడ లోపలివైపు ఎలా ఉందో చూసినవాడు ఒక్కడూ లేడు. లోపల ఆడవాళ్లుంటారు కదా, తొంగిచూడటం మర్యాద కాదట. తన్నడం మర్యాదే.

దుబ్బయ్యకు ఆ ఆచారమంటే చచ్చేంత భయం. అతను పుట్టిన కొత్తలో పెద్దలు వచ్చి వాళ్ల నాన్న కట్టిన గోడను తన్నారు. అంతకుముందు మోగిన గోడే ఆ రోజు దబ్బుమంది. ఎందుకో దుబ్బయ్యకు ఎవరూ చెప్పలేదు. తర్వాత మళ్లీ మోగింది గానీ పేరు మాత్రం అతుక్కుపోయింది. దుబ్బయ్యకు అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు. 'డొల్లగోడోళ్ల పిల్లోడు' అన్న పేరును ఒక్కడే మోసుకుంటూ పెరిగాడు. తన పిల్లలకు ఆ పేరు రాకూడదనుకున్నాడు. పాపం, అనుకోవడం వరకు మంచిదే.

వాగు ఒడ్డున నల్లరాయి ముక్కలు బోలెడు ఉన్నాయి. అవి తెచ్చి పేర్చుదామని దుబ్బయ్య నిర్ణయించుకున్నాడు. నల్లంచు ఇంకో పని చేసింది. చెదలు వదిలేసి పోయిన పాత పుట్ట మన్ను తవ్వి తెచ్చింది. అందులో ఎండుగడ్డి సన్నగా కొరికి కలిపింది. నీళ్లు చల్లి తొక్కి, దిమ్మలుగా చేసి ఎండబెట్టింది. ఎండాక అవి తేలిగ్గా, గుల్లగా ఉన్నాయి. ఒక దిమ్మనూ ఒక నల్లరాయినీ పక్కపక్కనే మంచులో వదిలేసింది. తెల్లవారాక రెండింటి మీదా పొట్ట ఆనించి చూసింది. రాయి నీళ్లు కారుతూ, ఒంట్లోని వేడినంతా లాగేసుకుంది. దిమ్మ పొడిగా ఉంది. కాసేపటికి వెచ్చబడింది కూడా.

ఆమె మొగుణ్ణి పిలిచింది.

"బావా, ఒకసారి పొట్ట ఆనించి చూడు," అంది.

దుబ్బయ్య పొట్ట ఆనించలేదు. వెనక్కి తిరిగి రెండింటినీ తన్నాడు. రాయి ఖంగుమంది. దిమ్మ దబ్బుమంది, ఒక మూల విరిగింది కూడా.

"విన్నావుగా," అన్నాడు.

"వినడానికి కాదు బావా. పడుకోవడానికి."

"పడుకోవడానికి నేలుంది. గోడ మీద ఎవరు పడుకుంటారే?"

తన హాస్యానికి తనే నవ్వుకుని రాళ్లకు బయలుదేరాడు. నల్లంచు అత్తవైపు చూసింది. గరికమ్మ గడ్డి నములుతూ, గోడ వ్యవహారం మగవాళ్లది, మనకెందుకు అని ముఖం తిప్పుకుంది.

వాగు పక్కన తుమ్మచెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుండేవి. అందులో ఒక గూటిలో తీగమ్మ అనే ఆడ గిజిగాడు కాపురముండేది. నల్లంచుకు స్నేహితురాలు. ఆ సాయంత్రం నల్లంచు విరిగిన దిమ్మను పక్కన పెట్టుకుని కూర్చుంటే తీగమ్మ కిందికి దిగి సంగతంతా విన్నది. విని చాలాసేపు ముక్కు ఈకల్లో తుడుచుకుంది. తన మొగుడు కట్టిన మొదటి గూడు తాను ఒప్పుకోలేదని, రెండోదీ ఒప్పుకోలేదని చెప్పింది. మూడోది సగం అల్లాక లోపలికి వెళ్లి కూర్చుని, గాలి దూరే చోటల్లా ముక్కుతో పొడిచి చూపించిందట. ఆయన అక్కడ మళ్లీ అల్లాడట.

"ఆయనకు కోపం రాలేదా?" అని అడిగింది నల్లంచు.

"ఎందుకు రాదక్కా? వచ్చింది. కోపంగా ఉన్నా గడ్డి అల్లడానికి ముక్కు పనిచేస్తుందిగా. గుడ్లు పెట్టేది నేను. గాలి ఎక్కడ దూరుతోందో నాకు తెలుస్తుందా, చెట్టు కింద నిలబడి ఈల వేసేవాళ్లకు తెలుస్తుందా? మీవాళ్లేమిటో చెవులు అంత పొడుగు పెట్టుకుని ఇల్లాలి మాట వినరు, కాలితో రాళ్ల మాట వింటారు."

నల్లంచు నవ్వింది. ఆ కార్తీకంలో ఆమె నవ్వింది అప్పుడే.

వాగంతటా అప్పుడు రెల్లు తెల్లగా పూసి ఉంది. ఆ దూదిని చూసేసరికి నల్లంచుకు ఒక ఆలోచన వచ్చింది. రాళ్లతోనే కట్టమని మొగుడితో చెప్పింది. రాతి గోడకు లోపలివైపు చెవి పట్టేంత సందు వదిలితే, అవతల దిమ్మలతో ఇంకో వరస తనే పేర్చుకుంటానంది. ఆ సందులో రెల్లుదూది కూరితే బయటి చలి లోపలికి రాదంది. బయటివాళ్లకు రాయే కనిపిస్తుంది, పిల్లలకు మాత్రం వెచ్చగా ఉంటుంది.

దుబ్బయ్య ఈసారి నవ్వలేదు. ఆలోచించాడు. నిజం చెప్పాలంటే సగం ఒప్పుకున్నాడు. అప్పటికి కట్టిన కొంచెం గోడ వెనక నాలుగు దిమ్మలు నిలబెట్టి, సందులో దూది కూరి, బయటికి వెళ్లి తన్ని చూశాడు.

దబ్బుమంది.

దుబ్బయ్య ముఖం మాడిపోయింది. చిన్నప్పటి పేరు చెవుల్లో మోగింది కాబోలు. లోపలికి వచ్చి కూరిన దూదినంతా కాలితో బయటికి లాగేశాడు.

"నా పరువు తీసుకెళ్లి ఈ దూదిలో కూరమంటావా?" అన్నాడు.

"పరువుకు చలి వెయ్యదు బావా. పిల్లలకు వేస్తుంది."

"చలికాలం రెండు నెలలు. పేరు చచ్చేదాకా ఉంటుంది. నీకేం తెలుసు?"

నిజమే, ఆమెకేం తెలుసు. ఆమెకు తెలిసిందల్లా ఆ గదిలో పడుకోబోయేది ఎవరన్నదే.

అయినా నల్లంచు రోజూ వాగుకు వెళ్లి రెల్లుదూది తెచ్చి గది మూల కుప్ప పోసేది. గోడ పూర్తయ్యాకైనా లోపలివైపు మట్టితో కలిపి మెత్తుకుంటానని మూడోసారి అడిగింది. పెద్దలు వచ్చి వెళ్లనీ, తర్వాత చూద్దాం అన్నాడు దుబ్బయ్య. ఆ మాట పట్టుకుని ఆమె ఆగింది.

పెద్దలు వచ్చే రోజు రానే వచ్చింది. వాళ్లలో అందరికంటే పెద్ద చీలిచెవి. అతను దుబ్బయ్యకు పెదనాన్న. ఎప్పుడో డేగ పట్టుకోబోతే చెవి చీలిందని, డేగే భయపడి పోయిందని చెప్పుకుంటాడు. వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలా అని దుబ్బయ్య అటూ ఇటూ చూశాడు. గది మూల తెల్లటి మెత్తటి కుప్ప కనిపించింది. దాన్ని ఎత్తుకెళ్లి గోడ బయట పరిచాడు. నల్లంచు దూది మీద పెద్దలు సుఖంగా కూర్చున్నారు. రేగుపళ్లు తిని గింజలు అందులోనే ఉమ్మారు.

తర్వాత లేచి ఒక్కొక్కరే గోడను తన్నారు. ఖంగు. ఖంగు. ఖంగు. చీలిచెవి ఆఖర్న తన్ని, కళ్లు మూసుకుని విని, ఇలాంటి మోత ఈ గుట్ట మీద ఎన్నడూ వినలేదన్నాడు. దుబ్బయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. డొల్లగోడోళ్ల పిల్లోడు ఆ రోజుతో పోయాడు.

ఇంటి కోడలేదీ కనిపించదే అని ఎవరో అడిగారు. లోపల పనిలో ఉందని దుబ్బయ్య చెప్పాడు. అబద్ధం కాదు. ప్రతి తన్నుకూ రాళ్ల సందుల్లోంచి రాలుతున్న మట్టిని ఆమె ఎత్తిపోస్తోంది.

వాళ్లు వెళ్లాక నల్లంచు బయటికి వచ్చి దూదిని చూసింది. తడిసి, బురద తొక్కుడుకు నల్లబడి, ఉండలు కట్టి ఉంది. ఇంకో కుప్ప తెద్దామంటే వాగులో రెల్లు రాలిపోయింది. పోనీ దిమ్మలైనా పేరుస్తానంటే దుబ్బయ్య తల అడ్డంగా ఊపాడు. పెద్దలు ఏ రోజు వచ్చి తన్నుతారో ఎవరికి తెలుసు? మోగుతున్న గోడను ఇప్పుడు ముట్టుకోవద్దన్నాడు.

పుష్యం వచ్చింది. పిల్లలు ముగ్గురు పుట్టారు.

నల్లరాయి చలి పెట్టెలాంటిది. బయటి గాలి ఎంత చల్లగా ఉంటే గోడ లోపలివైపూ అంత చల్లబడేది. పిల్లల ఊపిరి తగిలి తెల్లారేసరికి గోడంతా చెమటపట్టి నీళ్లు కారేవి. ఆ నీళ్లు పిల్లల కిందికి చేరేవి. తల్లి ముగ్గుర్నీ ఒకేసారి ఒంటికింద కప్పుకోలేదు. ఒకర్ని దగ్గరికి లాక్కుంటే ఇంకొకరు గోడకు తగిలి ముడుచుకుపోయేవారు. చిన్నదానికి ముక్కు చివర నీలంగా మారింది.

నల్లంచు అత్త దగ్గరికి వెళ్లి ఏం చెయ్యమంటావని అడిగింది. గరికమ్మ వెల్లకిలా తిరిగి పొట్ట చూపించింది. పొట్ట మీద ఒక్క వెంట్రుక లేదు. ముడతలు పడిన ఉత్త చర్మం.

"మీ మామ కట్టిన గోడ కూడా గట్టిదేనే," అంది.

నల్లంచుకు అర్థమైంది.

ఆ రోజు నుంచి ఆమె తన పొట్ట మీది బొచ్చు పళ్లతో పీక్కుని, తడిమన్నులో అద్ది, గోడకు లోపలివైపు అంటించడం మొదలుపెట్టింది. ముందు కింది వరస, పిల్లల వీపులు తగిలేంత మేర. అది చాలలేదు. పైనించి చలి దిగింది. పక్కల బొచ్చు పీకింది. తర్వాత వీపుది. ఇలా చేసే తల్లుల్ని గురించి ఆ గుట్ట మీద మగవాళ్లు చాలా గొప్పగా మాట్లాడతారు. తల్లిమనసు అంటారు. రెల్లుదూది ఊరికే దొరికే రోజుల్లో తెచ్చి కూరి ఉంటే తల్లిమనసు ఊడబెరుక్కోవాల్సిన పని ఉండేది కాదు. అది మాత్రం అనరు.

గది వెచ్చబడింది. గోడ చెమట పట్టడం ఆగింది. చిన్నదాని ముక్కు మళ్లీ ఎర్రబడింది. ఒకరోజు దుబ్బయ్య వచ్చి గోడకు వీపు ఆనించి కూర్చుని హాయిగా ఒళ్లు విరుచుకున్నాడు.

"చూశావా, నేను కట్టిన గోడ ఎంత వెచ్చగా ఉందో. అనవసరంగా కంగారు పడ్డావు," అన్నాడు.

ఆ తర్వాత ఆమె వంక చూశాడు. చూసి, అలా తయారయ్యావేమిటని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. నలుగురూ వచ్చినప్పుడు ఆ ఒంటితో బయటికి రావద్దని మాత్రం చెప్పాడు.

కానీ పాలు పడాలంటే మేత మెయ్యాలి. మేత బయట ఉంది. మంచు కురిసిన పచ్చిక మీద, బొచ్చులేని ఒంటితో, నల్లంచు రోజూ తెల్లవారుజామునే వెళ్లి మేసి వచ్చేది. ముందు దగ్గు వచ్చింది. తర్వాత వణుకు వచ్చి వదల్లేదు. పిల్లలు గరికపోచ కొరకడం నేర్చుకునేదాకా ఎలాగో లాక్కొచ్చింది.

మాఘంలో ఒక ఉదయం ఆమె మేతకు వెళ్లి తిరిగి రాలేదు. నిజానికి తిరిగి వచ్చింది, ఇంటిదాకా వచ్చింది. గుమ్మం వైపు తిరిగి వెళ్లే ఓపిక లేక, గోడ బయట ఆ నల్లరాళ్లకే ఆనుకుని పడిపోయింది. తీగమ్మ ముందు చూసి అరిచింది. దుబ్బయ్య బయటికి వచ్చేసరికి ఆమె కూడా రాయిలాగే చల్లగా ఉంది. లోపలికీ ఆమెకూ మధ్య ఒక్క గోడే అడ్డం. దానికి అవతలి వైపు ఆమె బొచ్చుకు ముఖాలు ఆనించి పిల్లలు నిద్రపోతున్నారు.

పరామర్శకు పెద్దలు వచ్చారు. చీలిచెవి ముఖం విచారంగానే పెట్టుకున్నాడు. కానీ కాలు ఊరుకోదు కదా. కూర్చోబోయే ముందు వెనక్కి తిరిగి గోడను ఒక తన్ను తన్నాడు.

దబ్బుమంది.

అందరి చెవులూ ఒక్కసారి లేచాయి. ఇంకొకడు తన్నాడు. దబ్బు. చచ్చిపోయిన ఇల్లాలిని అందరూ మరిచిపోయారు. గుసగుసలు మొదలయ్యాయి. చీలిచెవి దుబ్బయ్య భుజం మీద కాలు వేసి, దిగులుపడకు, లోపల ఏదో పట్టింది, గీకేస్తే మళ్లీ మోగుతుంది, మీ నాన్నకూ అప్పట్లో నేనే చెప్పాను అన్నాడు. ఒక పదునైన పలుగురాయి పెచ్చు ఏరి చేతికిచ్చాడు కూడా.

దుబ్బయ్య దాన్ని పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఆ గోడను లోపలి నుంచి సరిగ్గా చూడటం అతనికి అదే మొదటిసారి. కింద తెల్లటి పొట్టబొచ్చు. దాని పైన గోధుమరంగు వీపుబొచ్చు. అన్నింటికంటే పైన, చలి ఎక్కువగా దూరే మూల, నాలుగు నల్లటి వెంట్రుకలు. చెవుల అంచువి. అవి కూడా పీకేసింది.

అతని చెయ్యి లేచింది. ఎందుకు లేచిందో అతనికే తెలియదు. అలవాటు.

అప్పుడు గరికమ్మ గోడకూ కొడుకుకూ మధ్యకు వచ్చి నిలబడింది. బయట కూర్చున్నవాళ్లకు వినబడేలా మాట్లాడింది. బావగారి ఎదుట ఆమె గొంతు ఎత్తడం ఆ గుట్ట మీద ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"మీ నాన్న గోడ ఎందుకు దబ్బుమందో ఇన్నాళ్లూ నీకు తెలియదు. నేనూ ఇలాగే అంటించాను. మీ పెదనాన్న గీకమన్నాడు. మీ నాన్న గీకాడు. గోడ మోగింది. నీతోపాటు నలుగురు పుట్టారురా. వాళ్లేరని నన్ను ఎప్పుడైనా అడిగావా?"

దుబ్బయ్య చేతిలోంచి పలుగురాయి జారింది. చిన్న పిల్ల నిద్రలో కదిలి గోడలోకి ఇంకా ముడుచుకుంది.

దుబ్బయ్య బయటికి వచ్చాడు.

"పెదనాన్నా, మా గోడ డొల్లే," అన్నాడు. "డొల్లగానే ఉంటుంది. ఇక మీరు తన్నొద్దు."

చీలిచెవి లేచి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లూ వెళ్లారు. గుట్ట దిగకముందే పాత పేరు మళ్లీ వాడుకలోకి వచ్చింది. డొల్లగోడోళ్లు. ఆ పేరుతో దుబ్బయ్యకు ఏమీ కాలేదు. జ్వరం రాలేదు, దగ్గు రాలేదు, వేసిన అడుగు తప్పలేదు. ఇన్నాళ్లూ ఎంతకు భయపడ్డాడో అంత చిన్నది అది.

ఆ మాట అన్నందుకు దుబ్బయ్యను మెచ్చుకోమంటారేమో పిల్లలూ. నేను మెచ్చుకోను. ఆ ఒక్క మాటా కార్తీకంలో, రెల్లు పూసినప్పుడు అనగలిగి ఉంటే నల్లంచు ఇప్పుడు ఆ గదిలో పిల్లల పక్కన పడుకుని ఉండేది. గోడ దబ్బుమంటూనే ఉండేది. ఎవరూ చచ్చేవారు కాదు.

నీతి: గోడ ఎలా ఉండాలో బయట నిలబడి తన్నేవాళ్లను కాదు, లోపల పడుకునేవాళ్లను అడగాలి, అది కూడా గోడ లేవకముందే అడగాలి.